నాలుగడుగుల పది అంగుళాలు

అన్నయ్యకి,

ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. వైద్యానికని నా దగ్గరికొచ్చిన ఈ రెండు నెలల్లో అమ్మ మోకాలి వాపు తగ్గింది, మెట్లు ఆగకుండా దిగుతోంది. నువ్వూ వదినా పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఫోనులో చెబుదామంటే సగంలోనే "సరే సరే, నాకు తెలుసులే" అంటావు. కాగితం మీద నాకు అడ్డు రాలేవు, అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ పది రోజుల ప్రయాణానికి కొన్న పాత వ్యాను నేను పనిచేసే షెడ్డుకి చేరింది. పొట్టి బండే, పక్క తలుపు జారేది. వెనక రెండు వరసల సీట్లూ నేనే విప్పాను. బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి రెండు పూటలు నా ప్రాణం తీశాయి. లోపల నిలబడొచ్చా అన్నావు. కప్పు కోసి, పైకి లేచే గుడారం బిగిస్తే నిలబడొచ్చు. దించితే చిన్నోడు కూడా వంగాల్సిందే. పిల్లలిద్దరూ ఆ గుడారంలో పడుకుంటారు. కింద మీ ఇద్దరికీ మూడున్నర అడుగుల వెడల్పు పరుపు. దాని పక్కన పొయ్యికీ నీళ్ళ డబ్బాకీ సామాన్లకీ ఒక పొడవాటి చెక్క అర. వదిన అడిగిన రంగు దొరకలేదు. దొరికినా వెయ్యను, ఆ రంగు మీద మురికి ఇట్టే కనబడుతుంది.

అమ్మ ఎక్కడ పడుకుంటుందని నువ్వడగలేదు. నువ్వే చెప్పేశావు. "ముందు సీటు వెనక్కి వాలుతుందిగా, అమ్మ సర్దుకుంటుంది" అని రాశావు. ఉత్తరంతోపాటు పంపిన బొమ్మలో పొయ్యికి గడి గీశావు, నీళ్ళ డబ్బాకి గీశావు, చెప్పులు పెట్టుకోడానికి కూడా ఒక గడి గీశావు. అమ్మకి ఒక్క గీత లేదు. మోకాలు గంటసేపు మడిస్తే మళ్ళీ చాపలేని మనిషి, పది రోజులు సీట్లో కూర్చుని నిద్రపోవాలా? ఆ ముక్క చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. మీ ఇంట్లో తెల్లారకముందే లేచేది ఆవిడ, పిల్లల్ని తయారుచేసేది ఆవిడ. సెలవుల్లో కూడా మీకు షికారు, ఆవిడకి డ్యూటీ. నువ్వు చదువుకున్నవాడివి. నేను షెడ్డులో పారేసిన కాగితాలు చూసి కొలతలు నేర్చుకున్నదాన్ని. అయినా ఒక బండిలో ఎంతమంది ఎక్కుతారో లెక్కపెట్టడం నాకొచ్చు.

ఇంక అసలు సంగతి. మూడు రోజులుగా ఇక్కడిదాకా రాసి కాగితం మడిచేస్తున్నాను.

నేనూ మా మేస్త్రీ పాత బళ్ళ దళారీ దగ్గర చూసినవి రెండు. ఒకటి ఈ పొట్టిది. రెండోది దీనికంటే అడుగున్నర పొడవు. ఆ అడుగున్నరలో డ్రైవరు సీటు వెనక ఐదో మనిషికి మడత మంచం వస్తుంది. నేను రెండింట్లోనూ పడుకుని చూశాను. దళారీ "దిండు కూడా ఇమ్మంటావా అమ్మాయ్?" అన్నాడు. "ఇస్తే బండితోబాటు పట్టుకుపోతా" అన్నాను. పొడుగు బండి కింద నేల మొత్తం తుప్పు పట్టిందని నీకు చెప్పాను కదా. అబద్ధం. రబ్బరు చాప ఎత్తి, స్క్రూడ్రైవరుతో అంగుళం అంగుళం పొడిచి చూశాను. నేల ఇనుప పెనంలా గట్టిగా ఉంది. మేస్త్రీ "ఇదే తీసుకో, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాడు. నేను పొట్టిది తీసుకున్నాను. "బండి కొంటున్నావా, తగువు కొంటున్నావా?" అన్నాడాయన.

కావాలనే చేశాను. చోటు లేకపోతే అమ్మని నా దగ్గరే వదిలి వెళతారు, పది రోజులు కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది అనుకున్నాను. గెలిచాననుకుని రెండు రోజులు ఈల వేసుకుంటూ పనిచేశాను.

మంగళవారం అమ్మ షెడ్డుకొచ్చింది. బండి లోపలికి తొంగిచూసి, నేను నేలమీద సుద్దతో గీసిన గళ్ళు వేలితో లెక్కపెట్టింది.

"నాదేదే?"

"నీకు లేదమ్మా. వాళ్ళని పోనీ. నువ్వు నా దగ్గర హాయిగా ఉండు."

అమ్మ తన కాళ్ళవైపు చూసుకుంది. తెల్ల కాన్వాసు బూట్లు. నెల రోజులుగా రోజూ పొద్దున్నే అవి తొడుక్కుని మా భవనం చుట్టూ తిరుగుతుంటే, డాక్టరు చెప్పిన వ్యాయామం కాబోలనుకున్నాను. కాదట. ఈ ప్రయాణం కోసం కొనుక్కుందట. కొత్తవి కరుస్తాయని ముందే అలవాటు చేసుకుంటోందట. కొండ ఎక్కాలట. అరవై రెండేళ్ళలో ఎక్కడికీ వెళ్ళలేదట.

"వాడు అడగలేదు, సరే. వాడంతే. నువ్వు అడిగావుటే నన్ను?"

చేతిలో టేపు పట్టుకుని నిలబడిపోయాను. మేస్త్రీ అటు తిరిగి సిగరెట్టు వెలిగించుకున్నాడు.

ఆ సాయంత్రమే దళారీ దగ్గరికి పరిగెత్తాను. పొడుగు బండిని లాండ్రీవాడు పొద్దున్నే తోలుకుపోయాడు.

కాబట్టి, అన్నయ్యా, బొమ్మ మార్చాను. చెక్క అర పొడవు నాలుగడుగుల పది అంగుళాలు. అమ్మని గోడకి ఆనించి కొలిచాను, ఆవిడా అంతే. అర తీసేసి అక్కడ అమ్మకి మడత పలక పెట్టాను. మీ పరుపు వెడల్పులో ఆరంగుళాలు కోసేసి ఆ పలకకి కలిపాను. మీరిద్దరూ సర్దుకోండి. నీళ్ళ డబ్బా బయట వేలాడుతుంది. పొయ్యి లేదు. ఒప్పుకోకపోతే బండి తీసుకెళ్ళి వేరేచోట చేయించుకో. చక్రాలు విప్పి దాచేస్తాను, చేతనైతే తోలుకుపో.

నిన్న అమ్మని మళ్ళీ పిలిచి, పలక పరిచి పడుకోమన్నాను. మెల్లిగా వాలి కాళ్ళు చాపింది. మడమలు సరిగ్గా పలక అంచు దగ్గర ఆగాయి. కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి కూర్చుని, అటూ ఇటూ చూసి, కంగారుగా అడిగింది.

"బాగుందే. మరి వంటెక్కడ చెయ్యను?"

దీనికి జవాబు నేను చెప్పకూడదు. నువ్వే రాయి. ఆ పది రోజులూ వంట ఎవరు చేస్తారో, నాకు కాదు, అమ్మ పేరున రాయి. అది వచ్చేదాకా కప్పు కొయ్యను.

ఇట్లు,
అబద్ధమాడిన నీ చెల్లెలు