రంగు వైర్ల బుట్ట

ఊరిగాం, మంగళవారం రాత్రి

నా కక్షిదారు నాగరాజుకు ఇవాళ బెయిల్ వచ్చింది. ఇక్కడి బంగారు గని నడిచిన రోజుల్లో, రాళ్ళు పగలగొట్టే పేలుడు మందు పేల్చాక మిగిలిన రంగు వైర్లతో వాళ్ళమ్మ మునెమ్మ కూరగాయల బుట్ట అల్లుకుంది. అది బాంబుల సామానని పోలీసులు అతన్ని ఉగ్రవాద చట్టం కింద లోపలేశారు.

ఆ చట్టాన్నే ఎత్తిపారేయాలని కోర్టు మెట్ల మీద నేను రుసరుసలాడుతుంటే మునెమ్మ ఆపింది.

"బాంబులు పెట్టేవాళ్ళను పట్టుకోవల్ల కదమ్మా. లోపలేసే ముందర ఇదేం బుట్ట అని ఒక మాట అడగమని రాయించు, సాలు."

చట్ట సవరణ కోసం మా లాయర్ల సంఘం తరఫున ప్రభుత్వానికి నేను పంపాల్సిన సూచనలకు మొదటి వాక్యం దొరికింది. పైవాళ్ళు వింటారో లేదో...

కేసు తేలేదాకా బుట్ట కోర్టులోనే ఉంటుంది. మునెమ్మ అప్పుడే ఇంకోటి మొదలుపెట్టింది, పక్కింటావిడ ఇచ్చిన అలాంటి వైర్లతోనే.