పాలపిట్ట రంగు గిటార్

సెప్టెంబర్ 14, ఆదివారం

మా ఆయన ఇవాళ మా నాన్న గిటార్‌ను మేకు మీంచి దించాడు. మంచం మీద పడుకోబెట్టి ఫోన్లో ఫోటోలు తీశాడు. ముందు ఒకటి, వెనక ఒకటి. అమ్మకానికి పెడుతున్నాడట. నన్ను అడగలేదు. వెలుతురు చాలడం లేదు, తలుపు తియ్యమన్నాడు. తీశాను.

అది మా నాన్న రామ్‌చందర్‌ది. కొత్తగూడెంలో ఆయనకు పగలు బొగ్గు గని డ్యూటీ, సాయంత్రం ఆర్కెస్ట్రా. గిటార్ జపాన్‌ది, నాన్న పుట్టకముందుది. ఆర్కెస్ట్రా పెట్టిన పెద్దాయన పోయేముందు నాన్న చేతికి ఇచ్చాడు. పాలపిట్ట రెక్క రంగు. నాన్న దాని మీద ఒక్క స్క్రూ కూడా మార్చలేదు. ఏళ్ల తరబడి కుడి చెయ్యి ఆనించిన చోట మాత్రం రంగు అరిగి కట్టె కనిపిస్తుంది. అరచెయ్యంత.

సౌండ్ బాక్స్ కాలిపోయాక కూడా నాన్న వాయించేవాడు. ఎలక్ట్రిక్ గిటార్ కరెంటు లేకపోతే పక్క మనిషికి కూడా సరిగా వినబడదు. నేను దాని అంచుకు చెవి ఆనించేదాన్ని. అప్పుడు పాట బయటి నుంచి రాదు, తలలోంచే వస్తుంది. నాన్న పోయాక, చూడలేనని అమ్మ దాన్ని నాతో ఇక్కడికి, చండ్రుగొండకు పంపేసింది. ఇక్కడ బియ్యం బస్తాల పైన మేకుకు వేలాడుతోంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇప్పటికీ చెవి ఆనిస్తాను.

సెప్టెంబర్ 16

డీజే బాక్సులు తెస్తాడట. పెళ్లిళ్లకు, నిమజ్జనాలకు ట్రాక్టర్ మీద కిరాయికి తిప్పుతాడట. మోగనిది అమ్మి మోగేవి తెస్తానని అత్తమ్మతో నవ్వుతూ చెప్పాడు. అత్తమ్మ నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

సెప్టెంబర్ 19, మధ్యాహ్నం

ఈయన ఫోన్ చార్జింగ్‌కు పెట్టి పొలం పోయాడు. అది ఒకటే మోగడం. అత్తమ్మ విసుక్కుంటే నేనే ఎత్తాను. హైదరాబాద్ నుంచి జయప్రకాశ్ అట. పాత గిటార్లు కొంటాడట. ఫోటో చూసి రెండు రోజులుగా నిద్ర పట్టలేదన్నాడు. దసరా వెళ్లాక వస్తాడట. అప్పటిదాకా దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాడు. తీగెలు మార్చొద్దు, స్క్రూలు ముట్టొద్దు, దుమ్ము కూడా తుడవొద్దు. రంగు వేస్తే మాత్రం తనకొద్దన్నాడు.

నేను కొత్తవాళ్లతో మాట్లాడను. కానీ అడిగాను, చెయ్యి ఆనిన చోటు కూడా అట్లాగే ఉంచాలా అని.

"దాని కోసమేనమ్మా నేను అంత దూరం వచ్చేది."

ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు.

సెప్టెంబర్ 19, సాయంత్రం

ఈయనకు దసరా తర్వాత వస్తారని మాత్రం చెప్పాను. మిగతాది నోటిదాకా వచ్చింది. అంతలో ట్రాక్టర్ బ్యాటరీ దిగిందని తిట్టుకుంటూ బయటికి పోయాడు.

సెప్టెంబర్ 21

ఇవాళ కూడా చెప్పలేదు. ఇవాళ తీరిక ఉండి కూడా.

అక్టోబర్ 1

రేపు దసరా. గాంధీ జయంతి కూడా అదే రోజు పడిందని మటన్ ఇవాళే తెచ్చారు. కూర పొయ్యి మీద ఉడుకుతోంది, బయట ఈయన పూజకు ట్రాక్టర్ కడుగుతున్నాడు. ట్రాలీకి ఏటా ఎర్ర పెయింట్ వేస్తాడు. కొడవళ్లు, గొడ్డలి, పార అన్నీ వాకిట్లో వరసగా పెట్టారు. అత్తమ్మ గిటార్ కూడా తెమ్మంది. అది కూడా ఒక మనిషికి అన్నం పెట్టిన సామానే, పూజ లేకుండా ఇల్లు దాటొద్దంది. పెయింట్ మిగిలింది కదా, దానికీ వెయ్యమంది. పోయేది పాత మొహంతో పోవద్దంది. మంచి మనసుతోనే అంది.

ఈయనకు నచ్చింది. కొత్తదానిలా ఉంటే హైదరాబాద్ సారు కాదనడు అన్నాడు. బ్రష్ ముంచి నా వైపు తిరిగాడు.

"ఏంది అట్ల చూస్తున్నవ్? ఎర్రది ఏస్తే మంచిగుంటదా?"

పెళ్లయ్యాక ఆయన నన్ను ఒక మాట అడగడం ఇదే మొదలు.

"అవ్" అన్నాను.

ఆ బ్రష్ వెంట్రుకలు ఊడుతున్నాయి. లోపల కొత్తది ఉందని నేనే తెచ్చిచ్చాను.

నా ఆలోచన ఒక్కటే. ఆ సారు వద్దంటాడు. గిటార్ ఇంట్లోనే ఉంటుంది. అంతవరకే ఆలోచించాను. ఈయన మెడ నుంచి మొదలుపెట్టాడు, తీగెలకూ పూశాడు. పాలపిట్ట రంగు కొద్దికొద్దిగా పోయింది. చివరికి నాన్న చెయ్యి ఆనిన చోటికి వచ్చాడు. నోరు తెరిచాను. తెరిస్తే ఫోన్ సంగతి చెప్పాలి. చెబితే సారు తీసుకుపోతాడు. మూశాను.

అక్కడ కట్టె పెయింట్ తాగేస్తోందని రెండుసార్లు పూశాడు.

అక్టోబర్ 2

గిటార్‌కు పసుపు, కుంకుమ, ఒక జమ్మి ఆకు. సాయంత్రం అందరూ పాలపిట్టను చూడడానికి చెరువు దాటి పోయారు. ఎంత తిరిగినా కనిపించలేదని వచ్చారు.

అక్టోబర్ 5

జయప్రకాశ్ సారు కారులో వచ్చాడు. పెద్ద మనిషి, తెల్ల గడ్డం. ఈయన గిటార్‌ను కొత్త తువ్వాలులో చుట్టి తెచ్చి విప్పాడు. సారు దాని మీదికి వంగాడు. వాన ముసురుకు పెయింట్ ఇంకా ఆరలేదు. అరిగిన చోటు కోసం వేలితో వెతికాడు. వేలికి ఎరుపు అంటింది.

రంగు వెయ్యొద్దని ఫోన్లో చెప్పాను కదా, మీ ఇంట్లో ఆడమనిషికి, అన్నాడు. ఈయన నా వైపు చూశాడు. నేను టీ గ్లాసు సారు ముందు పెట్టాను. తర్వాత ఈయన నవ్వాడు.

"దానికేం తెలుసు సార్. ఏడు సదివింది. మీరు చెప్పిన దాంట్ల సగం కూడా ఎక్కి ఉండదు."

నేను ఫోన్లో ఏం అడిగానో సారుకు తెలుసు. నా మొహం వైపు చూశాడు. టీ సగం తాగి లేచాడు.

కారు పోయాక ఈయన అత్తమ్మ మీద పడ్డాడు. నీ పూజలు, నీ పెయింటు, ముసలిదానివి గమ్మున ఉండరాదా అని వాకిట్లో అందరికీ వినబడేలా అరిచాడు. అత్తమ్మ నోరు ఈ వాడలో పెద్దది. ఇవాళ లేవలేదు. తప్పు తనదే అనుకుంది. నేను గ్లాసులు కడుక్కుంటూ నిలబడ్డాను.

అక్టోబర్ 6

ఉంది. మేకుకే ఉంది.

అక్టోబర్ 8

చెవి ఆనించి తీగె మీటాను. కర్ర మీద కర్రతో కొట్టినట్టు అంది. పెయింట్ ఎండలేదు. చెవికి, చెంపకు అంటింది.

అత్తమ్మ చూసింది. కిరసనాయిలు గుడ్డ తెచ్చి నన్ను కూర్చోబెట్టి మెల్లగా తుడిచింది. ఏందని అడగలేదు.