రెహాన్ కూత, కువైట్ ఇసుక

కడప జిల్లా ప్రొద్దుటూరు కాపురస్తుడు, కాలం చేసిన షేక్ మదార్ సాహెబ్ కుమారుడు, అరవై రెండేండ్ల షేక్ నబీ రసూల్ అనే నేను, స్వస్థబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసిపెట్టిన వీలునామా. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పినాడు. విన్నాను. భయం వేయలేదు, బాధా వేయలేదు. బుద్ధి మాత్రం సరిగ్గానే ఉంది.

ఇల్లు షరీయతు ప్రకారం ఎవరి వంతు వాళ్లకు పోతుంది. ఈ కాగితం నా కెమెరా, ఫోటోల గురించి. ఇంట్లో చెప్పినాను, ఎవరూ కాదనలేదు.

1. కువైట్‌లో నీళ్ల ట్యాంకర్ తోలుతూ నా స్వార్జితంతో కొన్న కెమెరా, లెన్సులు నా కూతురు ఆర్షియాకు సర్వహక్కులతో చెందవలెను. పులివెందుల స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. ఫోటో తీసేటప్పుడు ఆట వెంట పరిగెత్తొద్దమ్మా, మనిషి వచ్చే చోట ముందే కాచుకొని ఉండు. చెమ్మ పడుతుందని లెన్సులు బియ్యం డబ్బాలో పెట్టొద్దు, దుమ్ము పడుతుంది.

2. జమ్మలమడుగు కబడ్డీ పోటీల్లో నా కొడుకు రెహాన్ కూతకు పోయినప్పటి ఫోటో. సెలవు మీద వచ్చినప్పుడు తీసినాను. వాడు గాల్లో ఉన్నాడు. ఎదుటి జట్టు శరత్ చంద్ర వాని మడమ పట్టుకున్నాడు. నేను తీసిన ఆటల ఫోటోల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది. మరుసటేడు పులివెందులలో ఆడి బైకు మీద వస్తూ రెహాన్ లారీ కింద పడినాడు. వెనకాలే వస్తున్న శరత్ చంద్ర వాణ్ణి ఒళ్లో పెట్టుకొని ఆస్పత్రికి తెచ్చినాడు. ప్రాణం దారిలోనే పోయింది. ఈ ఫోటో అతనికి చెందవలెను.

3. మిగిలిన రెహాన్ ఫోటోలన్నీ నా భార్య సైదున్నీసావి. ఆమె చూడదు. చీరల కింద పెట్టి, ఎవరినీ ముట్టనీయదు. అట్లే ఉండనీయవలెను.

4. ఎడారి ఫోటోలు మొత్తం తమ్ముడు హబీబుల్లాకు. రెహాన్ పోయిన కబురు నాకు ఎడారి రోడ్డు మీద, ట్యాంకర్‌లో ఉండగా వచ్చింది. రేపు పొద్దున చేరుకుంటాను, అంతదాకా మట్టి చేయకుండా ఆపమని తమ్మునికి చెప్పినాను. ఫోను పెట్టేసి, బండి దిగి, ఎదురుగా ఉన్న ఇసుకను ఫోటో తీసినాను. ఎందుకు తీసినానో తెలియదు. నేను వచ్చేసరికి ఖబరస్తాన్‌లో మట్టి కప్పేసి ఉంది. "భయ్యా, ఆ మొహం నువ్వు చూడగూడదనే తొందరపడినా" అన్నాడు హబీబుల్లా. అప్పటి నుంచి వానితో మాట్లాడలేదు. ఒకే వీధిలో ఉంటాము. ఆ ఇసుక ఫోటో అన్నింటి పైన పెట్టి ఇయ్యండి. దాంట్లో గాలి గీసిన గీతలు తప్ప ఏమీ లేవు.

5. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత హబీబుల్లాకు అప్పగిస్తున్నాను. నేను పోయినాక పెద్దలు తొందరపెడతారు. పులివెందుల నుంచి ఆర్షియా వచ్చి నా మొహం చూసేదాకా జనాజా (పాడె) లేపగూడదు. హబీబుల్లా వాకిట్లో నిలబడి ఆపవలెను.

ప్రొద్దుటూరు, 18 నవంబరు 2024.

(సంతకం) షేక్ నబీ రసూల్

సాక్షులు:
బదరీనారాయణ, బట్టల అంగడి
ఖాజా, ఫోటో ఫ్రేముల అంగడి