రంగు మార్చిన చోట ఆగిన పాట

6 నవంబర్ 2025, గురువారం

జమ్మూ బేటా, ఈ జుమ్మేరాత్ కూడా నీకు సేమ్యా ఖీరే పెట్టాను. ఊదు వేశాను. నీ తమ్ముడు ఫైజల్ ఫాతెహా చదివాడు. పోయినవాళ్లకు ఇష్టమైంది ముందు పెట్టి చదివితే వాళ్లకు అందుతుందని మా అత్త చెప్పేది. చిన్నప్పుడు గిన్నె అడుగు నాకేవాడివి కదా. జీడిపప్పు ఇంకొంచెం ఎక్కువే వేశాను.

నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే ఉండనీ. ఎవరు చూస్తారు.

9 నవంబర్, ఆదివారం

శ్రీలత వచ్చింది. హన్మకొండలో పెళ్లి వీడియోలు తీసే పిల్ల. పోయినేడు మా జమాల్ పాటల ఆల్బమ్ చేస్తుంటే కెమెరా పట్టుకుని వాడి వెనకే తిరిగింది. ఆ సినిమా పూర్తయిందట. ఫెస్టివల్స్‌కు పంపితే ఒక్కరూ తీసుకోలేదట. ఇరవై మూడున ఒక కాలేజీ హాలు దొరికింది, ఒక్కటే షో, గంతేనమ్మా, ఇగ నాకు గూడ ఓపిక లేదు అంది. రాలేకపోతే ఫోన్‌లో చూపిస్తానంది. వద్దన్నాను. వాణ్ని అంత చిన్నగా చూడలేను.

అందులో ఏముంటుందని అడిగాను. చాయ్ హోటల్లో కూర్చుని మాట్లాడతాడమ్మా అంది.

వాడి పాటలు నా ఫోన్‌లో ఉన్నాయి. పాటలో వాడు అందరి జమాల్. మాటలోనే నా జమ్మూ. వాడు అమ్మీ అని పిలిచిన పిలుపు నా దగ్గర ఎక్కడా లేదు. అది ఒక్కసారి వినాలి.

10 నవంబర్

ఫైజల్ వద్దన్నాడు. అన్న ఏడాది బర్సీ గూడ కాలె, గప్పుడే పాటలేంది అమ్మీ, మసీదు జమాత్ల నలుగురు ఏమనుకుంటరు అన్నాడు. అన్నం వడ్డించాను.

12 నవంబర్, మధ్యాహ్నం

కరెంటు లేదు. మగ్గం దగ్గరే కూర్చుని రాస్తున్నా.

ఒకప్పుడు జమ్మూ జుట్టు భుజాల దాకా ఉండేది. ఆ జుట్టుతో రెండు జంపఖానాలు నెయ్యచ్చు అనేవాడు వాళ్ల అబ్బా. జమ్మూ హైదరాబాద్ హోటళ్లలో ఇంగ్లీషు పాటలు పాడేవాడు. బ్లూస్ అనేవాడు. అంటే ఏందిరా అని అడిగితే, నువ్వు జంపఖానా దులుపుతవు గద అమ్మీ, నేను కడుపుల ఉన్న దుమ్ము దులుపుత, గంతే ఫరక్ అన్నాడు.

తర్వాత బ్యాండ్ విడిపోయింది. వరంగల్ వచ్చి, వేరే ఇంట్లో ఉంటూ బండి సీట్ కవర్లు కుట్టాడు. గిటార్ మంచం కిందకు పోయింది. ఇరవై ఏళ్లు. తల నెరిశాక ఒకరోజు వచ్చి నా మగ్గం పక్కన మైక్ పెట్టాడు. నువ్వు నేసుకో అమ్మీ, నన్ను చూడకు అన్నాడు.

ఆల్బమ్ పేరు ‘మగ్గం గుంత’. తెలుగులోనే పాడాడు. మొదటి పాటలో దరువు నా పంజాదే, నూలు దగ్గరికి కొట్టే ఇనుప పంజా. నాలుగు దెబ్బలు కొట్టి, రంగు నూలు మార్చడానికి ఆగుతాను. వాడు ఆ ఆగడాన్ని తీసెయ్యలేదు. నేను ఆగిన చోట తనూ ఆగి, ఊపిరి పీల్చి, మళ్లీ ఎత్తుకున్నాడు. స్టూడియోవాళ్లు తాళం తప్పిందన్నారట. మా అమ్మ రంగు మారుస్తాంది, జర ఆగుండ్రి అన్నాడట.

ఎవరూ వినలేదు. మా కొత్తవాడ గల్లీలో ఒక బరాత్‌కు వచ్చేంత మందైనా వినలేదు. పక్కింటి మొగిలమ్మ మాత్రం రోజూ పెట్టించుకునేది. నీ కొడుకు ఏడుస్తాండో పాడుతాండో తెల్వది గాని నిద్ర మంచిగ పడుతాంది అనేది. జమ్మూ పడీపడీ నవ్వాడు. గీ రివ్యూ చాలు అమ్మీ అన్నాడు.

రంజాన్ వెళ్లిన వారానికే వాడి గుండె ఆగింది.

18 నవంబర్

మగ్గం గుంతలోకి దిగలేదు.

20 నవంబర్, గురువారం

ఖీర్ పెట్టాను. ఫైజల్ చదివాడు. సినిమా మాట నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. మొగిలమ్మే గడపలో నిలబడి, ఫైజల్‌కు వినబడేట్టు, ఓ మహబూబక్కా, ఐతారం నేను తోల్కపోత నిన్ను, జమాత్‌కు జవాబు నీ చిన్నకొడుకు చెప్పుకుంటడు తీ అంది.

23 నవంబర్, ఆదివారం

ఫైజల్ ఆటో తెచ్చాడు. మమ్మల్నిద్దర్నీ ఎక్కించి వెనక బండి మీద వచ్చాడు. హాల్లోకి మాత్రం రాలేదు.

కుర్చీలన్నీ ఖాళీ. ముందు వరసలో మేమే. తెర మీద వాడి మొహం గోడంత. గడ్డం గీసుకోలేదు.

చాయ్ హోటల్. చక్కెర లేకుండా చెప్పాడు. శ్రీలత ఎందుకని అడిగింది. షుగర్ అన్నాడు. మా అమ్మీకి తెల్వది, పోయినప్పుడల్ల ఖీర్ చేస్తది, రెండు గిన్నెలు తింట, బయటికొచ్చి గోలి ఏస్కుంట అన్నాడు. చెప్పొచ్చు కదా సార్ అంది. చెప్తె ఖీర్ బందు పెడ్తది, ఇగ చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక కూసుంటది అన్నాడు.

మరి నిజంగా ఏం తినాలని ఉందని అడిగింది. వాడు గ్లాసు పక్కన పెట్టాడు. అమ్మీ మగ్గం గుంతల కాళ్లు పెట్టుకోని తినేది, జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, నేను గట్టు మీద కూసుంటే తుంచి పైకి ఇచ్చేది, గది యాదికొస్తది అన్నాడు. కెమెరా వైపు తిరిగి, అమ్మీ, జర గది పెట్టు అని అడగాలనుంటది అన్నాడు.

అమ్మీ అన్నాడు. విన్నాను.

తర్వాత పాట. నా పంజా. నేను ఆగిన చోట వాడు ఆగాడు. ఆ నిశ్శబ్దంలో వెనక ఎవరో ముక్కు చీదారు. తిరిగి చూశాను. తలుపు దగ్గర ఫైజల్, మసీదుకొచ్చినట్టు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

24 నవంబర్

ఇన్ని జుమ్మేరాత్‌లూ వాడికి ఖీరే పెట్టాను. అక్కడ కూడా నా కోసం రెండేసి గిన్నెలు తిన్నాడో ఏమో. మొగిలమ్మతో అంటే, ఆడ షుగర్ గిగర్ ఉండయ్, ఫికర్ జేయకు అంది. కాసేపాగి తనే ఏడ్చింది.

27 నవంబర్, గురువారం

జొన్నరొట్టె. ఎల్లిపాయ కారం. మగ్గం గట్టు మీద పెట్టాను. ఫైజల్ అక్కడే కూర్చుని చదివాడు.

గుంతలో కూర్చుని తుంచి పైకి పెట్టాను, జమ్మూ. కడుపు నిండా తిను.