చంద్రమ్మ గొంతు

శాలిబండ, ఆదివారం రాత్రి

మా బస్తీ పద్యనాటకాన్ని సినిమా తీస్తనన్న డైరెక్టర్ ఇయ్యాల మళ్ల వచ్చిండు. అమెరికాల నల్లవాళ్లతోనే ఒక పాత ఒపెరాను, అంటే పాటలతోనే నడిచే నాటకాన్ని, సినిమా తీసిన్రట. గట్లనే మన నల్లటి మొఖాలే తెరమీద కనబడాలన్నడు. నాటకంల పద్యాలు పాడే మా చెల్లె చంద్రమ్మే హీరోయిన్. మస్తు సంబురపడ్డ.

పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచిండు. “అన్నా, మొఖం మీ చెల్లెది. గొంతు మాత్రం మద్రాసుది.”

“మరి అమెరికాల?”

“ఆడ గూడ హీరోయిన్ పెదవులే కదిపింది. పాడింది వేరే ఆమె.”

చెల్లెకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఒక్క తాన కూసోలేకపోతున్న. అన్నం తిన్నంక కుండల నీళ్లు ముంచి ఇచ్చిన.

“వద్దన్నా. షూటింగ్ అయ్యేదాక చల్లనీళ్లు బంద్. గొంతు పోతే ఎట్ల?” అని నవ్వింది.

గింత ఎండాకాలంల. గ్లాసు పట్టుకొని గట్లనే నిలబడ్డ.