పలకరిస్తే నవ్వే ఊరు

బాల్డొమేరోకు,

మేమందరం కులాసా. గాలి తప్ప ఇంకేమీ లేని ఆ దక్షిణాన, గొర్రెల మధ్య నువ్వూ వేళకింత తిని ఆరోగ్యంగా ఉన్నావనుకుంటాను.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. బంగాళాదుంపలు తవ్వేశాం, ఇరుగుపొరుగంతా వచ్చి సాయం పట్టారు. ఎర్రావు ఈనింది. మీ అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరు కూడా ఎప్పటిలాగే ఉంది.

ఇక మన యస్నా సంగతి. "చదువు మానేసి వచ్చిందటగా, పోనీలే, మన దీవి పిల్లలకి పట్నం పడదు" అని ఎంత తేలిగ్గా రాశావయ్యా! ఒళ్లు మండిపోయింది. పడకపోవడానికి పట్నమేమైనా పీతల కూరా?

మన దీవి బడిలో దాని తరగతికి ముగ్గురే పిల్లలు, ముగ్గురూ చుట్టాలే. కొత్త మనిషితో మాట్లాడే అవసరం దానికెప్పుడొచ్చింది? కాస్త్రో పట్నంలో హాస్టల్లో చేరగానే, మన ఊళ్లో లాగే దారిలో ఎదురైన ప్రతివాళ్లనీ ఆగి పలకరించిందట. వెనకాల పిల్లలు విరగబడి నవ్వారట. క్లాసులో నోరు తెరిస్తే యాసకి నవ్వారు. దాంతో నోరే మూసేసుకుంది. ఈస్టర్‌కి ఇంటికొచ్చి, పెట్టె మంచం కిందకి తోసి, "నేనింక పోను" అంది.

"ఎందుకు పోవే?"

"మనం ఇంతేనమ్మా. అక్కడికి పోయి ఎవరితో మాట్లాడాలి?"

పదిహేనేళ్ల పిల్ల "మనం ఇంతే" అంటే ఎలా ఉంటుంది చెప్పు? పొయ్యి పక్కనుంచి మీ అమ్మ, "బంగారం లాంటి మాటంది! నేను కాస్త్రో మొహం చూడకుండానే బతకలా?" అని వంతపాట. మీ తమ్ముడు ఎలాదియో, "ఆల్చిప్పలు వలిచే షెడ్డులో పని చూస్తాలే వదినా" అని తయారు. దాని నోట్లో ఆ మాట ఎవరు పెట్టారో అప్పుడు తెలిసింది నాకు.

ఇంతసేపూ నాన్చాను, ఇప్పుడు చెబుతున్నాను, కోప్పడకు. ఈ ఉత్తరం మన ఇంట్లోంచి రాయడం లేదు. పిల్లని రెక్క పుచ్చుకుని పడవెక్కించి, నేనూ ఎక్కేశాను. కాస్త్రో రేవు పక్కన గది తీసుకున్నాం. ఆవుల్ని, మీ అమ్మని ఎలాదియో చూస్తున్నాడు.

బడికి తీసుకెళుతూ దారి పొడుగునా అందరినీ పలకరించాను. "అమ్మా, పరువు తియ్యకే!" అని యస్నా నా శాలువాలో మొహం దాచుకున్నంత పని చేసింది. నవ్వినవాళ్లు నవ్వారు. చేపలమ్మే నోల్ఫా మాత్రం, "ఏ దీవమ్మా మీది?" అని ఆపింది. ఇప్పుడు ఆమె కొట్లోనే నా పని. సాయంత్రాలు యస్నా కూడా వస్తుంది.

ఓ రోజు దాని క్లాసు పిల్ల చేపలకొచ్చి, దీని యాసలోనే వెక్కిరిస్తూ బేరమాడింది. యస్నా కత్తి పక్కన పెట్టి, "సరిగ్గా రాలేదే. మళ్లీ అను, నేర్పిస్తా" అంది. నోల్ఫా పగలబడి నవ్వింది. చివరికి ఆ పిల్ల కూడా నవ్వేసింది.

నిన్న యస్నా, "నాకిక భయం లేదమ్మా, హాస్టల్‌కి పోతాను. నువ్వు ఇంటికెళ్లిపో" అంది.

సమస్యంతా ఇప్పుడే వచ్చింది. నాకే వెళ్లాలని లేదు. దీవిలో నేను మీ అమ్మ కోడల్ని, నీ పెళ్లాన్ని, యస్నా తల్లిని. ఇక్కడ పొద్దున్నే కొట్టు ముందు నిలబడి నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. అది వినడానికే తొందరగా లేస్తున్నానంటే నమ్ముతావా? సెలవు దొరికితే దీవికి కాదు, ఇక్కడికి రా. తిట్టాలనుకుంటే ఎదురుగా వచ్చి తిట్టు.

ఇట్లు,
నీ భార్యే, కానీ ఇక్కడ
ఓర్ఫెలినా