తాళం చప్పుడు

చిరంజీవి అబ్బాయికీ కోడలికీ అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ కూతురూ క్షేమమే. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే విసుక్కోకు.

కిందటి ఉత్తరంలో నీ దగ్గు సంగతి రాయలేదు. తగ్గిందనుకోవాలా, ఎక్కువై దాచావనుకోవాలా? నాకదే దిగులు.

నువ్వడిగిన వాటికి జవాబు. కుడిచెయ్యి అలాగే ఉంది, గ్లాసు పట్టుకున్నాననుకుంటాను, కింద పడి ఉంటుంది. మెట్ల మీద పడ్డప్పటి నడుం నొప్పి పోయింది. పిల్ల బాగానే తింటోంది. తాళం వేస్తోందా అని అడిగావు. నువ్వు చెప్పినట్టే, వెళ్ళేటప్పుడల్లా బయట తాళం వేసే వెళ్తోంది.

దాని ఇంటర్వ్యూ ఈ పూటే. దెబ్బ తగిలో జబ్బు చేసో పాత పని చేయలేని వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడి, వాళ్ళకు తగ్గ పని వెతికిపెట్టే ఉద్యోగమట. పునరావాస కౌన్సిలర్ అంటారట, నాకు నోరు తిరగదు. పది రోజులుగా ఇంట్లో దానికి సాధన చేయిస్తున్నాను: అది అధికారి, నేను పని కోసం వచ్చిన మనిషిని. ఒకనాడు చూపు తగ్గిన డ్రైవర్‌ని, ఒకనాడు పరంజా మీంచి పడ్డ మేస్త్రిని.

"మీకేం పని చేయాలని ఉందండీ?"

"ఏదో ఒకటి, నువ్విచ్చింది చేస్తాను తల్లీ."

"అబ్బ, అలా కాదు నానమ్మా! నువ్వు మేస్త్రివి. కాస్త మీసం మెలెయ్యి!"

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఏం కావాలో, ఏది అడ్డమో ఆ మనిషి నోటితోనే చెప్పించాలట. మధ్యలో అందుకోకూడదట.

ఇక నీకు చెప్పకుండా దాటేస్తున్న మాట. కోప్పడకు. నిన్న సాయంత్రం, "ఇవాళ నీకిష్టమైన మనిషివి అవ్వు" అంది. నోరు ఆగలేదు.

"బట్టలు కుట్టి బతికినదాన్ని. చెయ్యి పడిపోయింది. వీధి చివరి దర్జీ నన్ను చూడ్డానికొచ్చి, 'మీరు కుట్టక్కర్లేదు పిన్నిగారూ, మా వాళ్ళు కుట్టింది చూసి తప్పు చెప్పండి చాలు' అన్నాడు. నాకు వెళ్ళాలని ఉంది."

"మరి అడ్డం ఏంటండీ?" అంది, కాగితంలోకి చూస్తూ.

"తలుపుకి బయట తాళం."

పిల్ల తలెత్తింది. "నానమ్మా, ఇది ఉత్తుత్తి మాటేగా?"

నేను తలుపు వైపు చూశాను.

"మళ్ళీ పడితే నాన్న నన్నే అంటారు" అని లేచి వెళ్ళిపోయింది.

తెల్లారితే ఇంటర్వ్యూ పెట్టుకుని దాని మనసు పాడుచేశానే అని నాకు నిద్ర లేదు.

ఇందాకే వెళ్ళింది. గుమ్మం అవతల చాలాసేపు నిలబడింది. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. తాళం పడిన చప్పుడు మాత్రం నాకు వినపడలేదు. నా చెవులూ అంతంతమాత్రమే కదా! లేచి తలుపు లాగి చూడలేదు, ఇది రాస్తూ కూర్చున్నాను. తాళం ఉంటే ఏడుపొస్తుంది. లేకపోతే నేను పడ్డ ఆ మెట్లే దిగాలి. నువ్వు ఊరికే భయపడలేదు నాయనా. కానీ ఆ భయమేదో నన్నే పడనివ్వు. ఇక తాళం వద్దని పిల్లకి నువ్వే ఒక ముక్క రాయి. నా మాట వింటే నీకు కోపం, నీ మాట వింటే నాకు దిగులు. మధ్యలో అది నలిగిపోతోంది.

పోస్టు డబ్బా దర్జీ కొట్టు పక్కనే ఉంది. కవరు అంటించను. నేనే వెళ్ళగలిగితే, దర్జీ చేత మూతకి ఒక కుట్టు వేయించి డబ్బాలో వేస్తాను. లేకపోతే సాయంత్రం పిల్ల జిగురు పెట్టి వేస్తుంది. ఎలా వచ్చిందో విప్పేటప్పుడే చూసి ఉంటావు.

ఇట్లు,
తలుపు లాగి చూడ్డానికి లేస్తున్న
మీ అమ్మ